పద్దెనిమిది, సున్నా, సున్నా

బస్సు బయల్దేరి పావుగంట కాకముందే అమ్మమ్మ తల వచ్చి తన భుజం మీద వాలింది. ఇక కదలడానికి లేదు. కదిలితే లేస్తుంది, లేస్తే అడుగుతుంది, ఎంత తేలిందే లెక్క అని, ఇంకా తేలలేదంటే ఇంతసేపూ చెట్లు లెక్కపెట్టావా అంటుంది. నిజానికి చెట్లే లెక్కపెడుతోంది తను, నలభై ఒకటి, నలభై రెండు, ఎండ ఆకుల మధ్య నుంచి వచ్చి ఒళ్ళోని కాగితం మీద పడుతూ పోతూ ఉంది, కాగితం ఒకసారి తెల్లగా ఒకసారి పచ్చగా. ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ, సంచీ మీద అట్ట, అట్ట మీద దరఖాస్తు. దాని నెత్తిన చిన్న అక్షరాల్లో "ఈ కాగితాన్ని మడవరాదు" అని ఉంది. పొద్దున అది చదివి వినిపిస్తే అమ్మమ్మ పడీ పడీ నవ్వింది. "ముప్పై ఏళ్ళుగా మడతలు పెట్టి బతుకుతున్నదాన్ని, నా కాగితానికే మడత వద్దన్నారా!" అంది. అందుకే ఈ అట్ట, తన పాత నోటు పుస్తకానిది, వెనకవైపు తొమ్మిదో ఎక్కం ఉంది. అమ్మకి సెలవు దొరకలేదు. లెక్కలొచ్చిన పిల్లని నేనే తీసుకెళ్తాలే అంది అమ్మమ్మ, అసలు తీసుకెళ్తున్నది ఆవిడే అయినట్టు. దరఖాస్తులు తీసుకునే ఆఫీసు కిటికీ పన్నెండింటికి మూసేస్తారు, ఇవాళే ఆఖరు రోజు, కిటికీ వెనక కళ్ళజోడు గుమాస్తా ఉంటాడు, ఆయనతో మాట్లాడాల్సింది తను. బళ్ళో హాజరు పిలిస్తే కూడా పక్కదాని చేత పలికించే తను.

దరఖాస్తులో ఐదు గళ్ళు. మొదటిది పేరు, రెండోది ఉద్యోగం, ఆసుపత్రి బట్టల గది. మూడోది రికార్డు ప్రకారం పుట్టిన తేదీ, 14-3-1964, ఆసుపత్రి వాళ్ళ ఉత్తరంలో చూసి రాసేసింది. నాలుగోది అసలు పుట్టిన తేదీ, ఖాళీ. ఐదోది తేడాకి కారణం, అదీ ఖాళీ. ఉత్తరంలో మర్యాదగానే ఉంది, ఈ నెల పద్నాలుగుతో మీకు అరవై ఏళ్ళు నిండుతున్నందున, అని మొదలై, ఆ రోజు నుంచి రానక్కర్లేదు అనే మాటని నాలుగు వరుసలు తిప్పి చెప్పారు. ఇవాళ నాలుగు. పది రోజులు. ఉత్తరం చదివినప్పుడు అమ్మమ్మ ఏడవలేదు, కోప్పడలేదు, "నాకు అరవై ఉండవే. ఒంట్లో తెలియదూ?" అంది. తేదీ తప్పయితే దరఖాస్తు పెట్టుకోవచ్చట, పెడితే డాక్టర్లు ఎముకలూ పళ్ళూ చూసి తేలుస్తారట. "పళ్ళు చూసి వయసు చెప్పడానికి నేనేమన్నా ఎద్దునా?" అని బట్టల గది అంతా నవ్వించిందట. మరి కారణం ఏమని రాయాలి అని అడిగితే మొహం తిప్పుకుని, "గుమాస్తా పొరపాటు అని రాసెయ్. ఎప్పుడో ఎవడో గుమాస్తా," అంది.

బట్టల గదికి తను రెండుసార్లు వెళ్ళింది. ఆవిరి, ఆవిరి లోపల మనుషులు, పెద్ద గిన్నెల్లాంటి యంత్రాలు గుండ్రంగా తిరుగుతూ. ఆ గది చివర, ఎండ పడే చోట, అమ్మమ్మా పొడుగు పిన్నీ ఎదురెదురుగా నిలబడి దుప్పటి మడతపెడుతున్నారు. పొడుగు పిన్ని అంటే అమ్మమ్మ జోడీ, ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, చెయ్యెత్తితే గోడ గడియారం అందుతుంది. ఇద్దరూ చెరి రెండు మూలలు పట్టుకుని ఒక్క దులుపు దులుపుతారు, దుప్పటి మధ్యలో గాలి లేచి పడుతుంది, నాలుగడుగులు ముందుకొస్తారు, వేళ్ళు వేళ్ళు తగుల్తాయి, పిన్ని మూలలు ఇచ్చేసి కిందికి వంగుతుంది, మళ్ళీ వెనక్కి. మాట ఉండదు. నీళ్ళలో ఏవో రెండు చేపలు ఆడుకుంటున్నట్టు ఉంది. "మీ అమ్మమ్మ వెళ్ళిపోతే నా దుప్పటి అవతలి కొస ఎవరు పట్టుకుంటారే పిల్లా, గోడకి మేకు కొట్టుకోనా?" అంది పిన్ని మొన్న. అంటూ నవ్వింది కానీ చేతిలో ఉన్న దుప్పటిని రెండుసార్లు తప్పు మడత పెట్టింది. దుప్పట్లయ్యాక అమ్మమ్మ ఒక్కతే కూర్చుని పొత్తిగుడ్డలు మడుస్తుంది, పుట్టిన పిల్లల్ని మొట్టమొదట చుట్టే గుడ్డలు, మెత్తగా అరిగిపోయి లోపలి వెలుతురు కనపడేవి. వాటికి జోడీ అక్కర్లేదు, మోకాలి మీద మూడు మూలలుగా మడిచి అరచేత్తో ఒకసారి రాస్తుంది. తననీ చుట్టింది ఆ గుడ్డల్లో ఒకటేనట. ముప్పై ఏళ్ళ పుట్టినరోజులు ఆ అరచేతి కింద నుంచి వెళ్ళాయి, ఆ అరచేయి ఇప్పుడు తన మోకాలి మీద పడి నిద్రపోతోంది, నిద్రలో కూడా బొటనవేలు బస్సు టికెట్టుని నాలుగు మడతలు పెట్టి, అదిమి పెట్టుకుని ఉంది.

అమ్మమ్మకి అసలు ఎన్నేళ్ళో లెక్క చెయ్యాలి. తేదీల తీసివేత తనకి ఇష్టం. లెక్కల మాస్టారు నేర్పిన రోజు నుంచి ప్రతి ఆదివారం డైరీలో మొదటి వరుస అదే, తన వయసు, సంవత్సరాలు, నెలలు, రోజులు. కుడివైపు నుంచి మొదలుపెట్టాలి, రోజులు చాలకపోతే నెలల ఇంటికి వెళ్ళి ముప్పై అడిగి తెచ్చుకోవాలి, నెలలు చాలకపోతే సంవత్సరాల ఇంటికి వెళ్ళి పన్నెండు. ఇవాళ్టికి తనకి పద్నాలుగేళ్ళు, ఆరు నెలలు, ఇరవైమూడు రోజులు. కాదు, ఫిబ్రవరికి ఈ ఏడు ఇరవైతొమ్మిదే కదా, మాస్టారు నెలకి ముప్పై అనుకోండి అన్నారు, అనుకుంటే ఒక రోజు ఎక్కువ వస్తుంది, ఆ రోజు ఎక్కడుంటుంది, ఎవరూ బతకని రోజు, దాంట్లో కూడా ఎండ ఇలాగే ఆకుల్లోంచి పడుతుందా. అమ్మకి నలభై ఏళ్ళు, ఎనిమిది నెలలు, ఇరవై ఏదో. ఎవరి వయసు చేసినా చివర అంకెలు గజిబిజిగానే వస్తాయి, అదే బాగుంటుంది, బతికున్న మనిషి లెక్కలా ఉంటుంది. చేతికి సులువుగా ఉంటుందని సంచీలో కాగితాలన్నీ ఒక్కొక్కటీ బయటికి తీసింది, అమ్మమ్మ తల కదలకుండా, ఎడమ చేత్తోనే. ఆసుపత్రి ఉత్తరం. ఉద్యోగంలో చేరినప్పటి కాగితం, అందులోనూ 14-3-1964, పక్కన "పెళ్ళి కాగితాన్ని బట్టి" అని రాసి ఉంది. అన్నిటికన్నా అడుగున పసుపు రంగుకి తిరిగిపోయిన ఒక కాగితం, ఎనిమిది మడతలతో, మడతల దగ్గర చిల్లులు పడి. పెళ్ళి నమోదు. తేదీ 14-3-1982. వధువు వయసు పద్దెనిమిది నిండినవి.

సరదాగానే చేసింది ఆ తీసివేత. అట్ట మూల మీద పెన్సిల్‌తో, పైన పెళ్ళి తేదీ, కింద పుట్టిన తేదీ. పద్నాలుగులోంచి పద్నాలుగు, సున్నా. మూడులోంచి మూడు, సున్నా. ఎనభై రెండులోంచి అరవై నాలుగు, పద్దెనిమిది. ఏ ఇంటికీ వెళ్ళి ఏమీ అడగక్కర్లేకుండా, పద్దెనిమిది, సున్నా, సున్నా. అరె, పుట్టినరోజు నాడే పెళ్ళి, ఎంత బాగుంది అనుకుంది ముందు, అమ్మమ్మ ఎప్పుడూ చెప్పనేలేదే అనుకుంది. బస్సు ఏదో గుంతలో పడి లేచింది, పెన్సిల్ ఆ రెండో సున్నా మీద గీత గీసుకుంటూ పోయింది, ఆ గీత వెంట తన చూపూ పోయింది, పోయి ఆగింది. సున్నాలు పుట్టినరోజు నాడే వస్తాయి. మూడువందల అరవై నాలుగు రోజులు రావు. బళ్ళో గోడ మీద రాసి ఉంటుంది, ఆడపిల్ల పెళ్ళికి పద్దెనిమిది నిండాలి అని, ఆ గోడ పక్కనే మంచినీళ్ళ కుళాయి, రోజూ చదువుతుంది. నిండాలి. నిండినవి. ఎవరో ఒక బల్ల ముందు కూర్చుని, వయసెంతండీ అని అడిగి ఉంటారు, బల్ల ఇవతల నుంచి ఎవరో, రాసుకోండి, పద్దెనిమిది అని ఉంటారు, మరి పుట్టిన తేదీ అని ఉంటారు, ఎవరికీ తెలిసి ఉండదు. ఆ రాసే మనిషి సిరా ఆరకముందే ఆ రోజు తేదీనే తీసుకుని, సంవత్సరంలోంచి పద్దెనిమిది తీసేసి, కింద వేసేశాడు. ఒక్క తీసివేత. తను ఇప్పుడు చేసినదే, తలకిందులుగా. మార్చి పద్నాలుగు అమ్మమ్మ పుట్టిన రోజు కాదు. అది పెళ్ళి రోజు.

కిటికీలోంచి గాలి వస్తోంది, అమ్మమ్మ జుట్టు తన చెంపకి తగుల్తోంది, సబ్బు వాసన, ఇస్త్రీ వేడి వాసన. నాలుగేళ్ళ క్రితం అమ్మమ్మ మెళ్ళో వేలాడే ఆసుపత్రి కార్డు మీద తేదీ చూసి గెంతింది తను, అమ్మమ్మకీ పుట్టినరోజు ఉంది, అదీ ఇవాళే అని. ఆ సాయంత్రమే రంగు పెన్సిళ్ళతో బొమ్మ, తాడు మీద ఆరేసిన బట్టలు, వాటి మీద అంకెలు, కింద పుట్టినరోజు శుభాకాంక్షలు. అమ్మమ్మ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. "నాకెందుకే ఇవన్నీ," అని తలగడ కింద పెట్టుకుంది. ఆ తరవాత పెరట్లోకి వెళ్ళి, తాడు మీద అప్పటికే ఆరిపోయిన దుప్పట్లన్నీ తీసి, మళ్ళీ ఉతికింది. చీకటి పడేదాకా. మరుసటేడూ అంతే, ఆ మరుసటేడూ. అమ్మ కూడా అంది, ఏంటమ్మా ఆరినవి ఉతుకుతావ్ అని. తను డైరీలో ఏం రాసుకుంది? అమ్మమ్మకి సిగ్గు, అచ్చం నాలాగే. అలా రాసి కింద ఒక పువ్వు వేసుకుంది కూడా. తలచుకుంటే చెవులు వేడెక్కిపోయాయి, బస్సులో అందరూ ఆ పువ్వునే చూస్తున్నట్టు. ఈ ఏటి బొమ్మ కూడా అయిపోయింది, ఇదిగో ఈ సంచీలోనే, డైరీలో రెండు పేజీల మధ్య. ఈసారి పొడవాటి తాడు, తాడు మీద పొత్తిగుడ్డలు, లెక్కపెట్టి సరిగ్గా అరవై, మూడు మూలలవి. ముప్పై ఏడో గుడ్డ దగ్గర నీలం పెన్సిల్ అయిపోతే అమ్మతో పోట్లాడి కొనిపించుకుంది.

మరి అసలు ఎంత? ఆ రోజు, ఆ బల్ల ముందు? ఆ ప్రశ్న కోసం తను వెళ్ళలేదు, అదే వచ్చింది, నీళ్ళలో ఏదో తేలి వచ్చినట్టు, దాని వెనకే ఒక పన్ను తేలి వచ్చింది. అమ్మమ్మ పన్ను కథ. తనకి పళ్ళు ఊడేటప్పుడు ఎన్నిసార్లు చెప్పించుకుందో. నది మీద బ్రిడ్జి తెరిచిన రోజు జనం తోసుకుంటుంటే వాళ్ళ నాన్న అమ్మమ్మని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు, పై ముందు పన్ను ఊగుతోంది, సగం బ్రిడ్జి దాటేసరికి ఊడి చేతిలో పడింది. ఏట్లో పడెయ్ అన్నాడు నాన్న. పడెయ్యలేదు, గుప్పిట్లో దాచుకుంది. బ్రిడ్జి చివర ఒకాయన కుర్చీ వేసుకుని కూర్చుని, ఇవాళ దాటిన అందరికన్నా చిన్నవాళ్ళెవరో చూస్తున్నాం, పిల్లకెన్నేళ్ళు అని అడిగితే, ఏడు అని నాన్న గట్టిగా, పొంగిపోతూ చెప్పాడు. ఏడు చిన్నేం కాదులే అన్నాడాయన. అవతలి గట్టున దిగి గుప్పిట విప్పితే ఖాళీ. ఎక్కడ జారిపోయిందో ఇప్పటికీ తెలియదు. కథ ఎప్పుడూ ఆ ఖాళీ గుప్పిట తెరిచి చూపించడంతో అయిపోయేది, తను నవ్వేది. ఆ బ్రిడ్జి మీద నుంచే ఇప్పుడు వెళ్ళాలి. ఇవతలి కొసన ఒక రాయి ఉంది, దాని మీద తేదీ ఉంది, ఎప్పుడూ బస్సు ఎంత జోరుగా వెళ్తుందంటే రాయి ఒక తెల్లటి మచ్చలా పోతుంది. ఈసారి ఎలాగైనా చదవాలి. మొహం కిటికీ అద్దానికి ఆనించింది. అద్దం వణుకుతోంది, ముక్కు వణుకుతోంది, ఏట్లో వెలుతురు ముందే కనిపించింది, ఆ తరవాత నీళ్ళు.

ఎవరో కోరుకున్నట్టు బస్సు ఆగిపోయింది. బ్రిడ్జికి ఒకవైపు మరమ్మతు, ఎర్ర గుడ్డ పట్టుకున్న మనిషి ఇటువాళ్ళని ఆపి అటువాళ్ళని వదులుతున్నాడు. రాయి సరిగ్గా తన కిటికీ కింద, నాచు పట్టి, ఒక పిట్ట రెట్ట వేసి. ప్రారంభం 2-11-1975. అంతే ఉంది. ఆ అంకెలు ఎవరూ ఎవరి కోసమూ మార్చినవి కావు, రాతిలో చెక్కినవి. రికార్డుని నమ్మితే ఆ రోజుకి అమ్మమ్మకి పదకొండున్నర. పదకొండున్నరేళ్ళ పిల్లని ఏ నాన్నా భుజాల మీద మొయ్యడు, ఆ వయసులో పై ముందు పన్ను ఊడదు. ఏడు. పెన్సిల్ తనంతట తనే కదిలింది. బ్రిడ్జి నుంచి బల్ల దాకా ఆరేళ్ళు, నాలుగు నెలలు, పన్నెండు రోజులు. ఆ ఆరేళ్ళ నాలుగు నెలల్లో, అదే నాన్న నోట్లో, అమ్మమ్మ ఏడు నుంచి పద్దెనిమిదికి వెళ్ళింది. పదకొండేళ్ళు పెరిగింది. ఏడు, ఆరు కలిపితే పదమూడు. తనకన్నా చిన్నది. ఒళ్ళో అట్ట పెట్టుకుని ఇక్కడ కూర్చున్న ఈ తనకన్నా. కిందటేడు తను ఏం చేస్తోంది, అప్పుడూ కొత్త పెన్సిల్ కోసమే అమ్మతో పోట్లాడుతోంది, అద్దంలో మొటిమ చూసుకుని బడి మానేసింది. ఆ పిల్ల ఎక్కడో ఆ బల్ల పక్కన నిలబడి ఉంటుంది, ఎవరూ ఆమెని ఏమీ అడిగి ఉండరు, గుప్పిట మూసుకుని ఉంటుంది. ఆ పిల్ల తన భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది. ఒక్క క్షణం నిజంగానే అలా అనిపించింది, తల బరువు తగ్గినట్టు, చెల్లెల్ని ఎక్కడికో తీసుకెళ్తున్నట్టు. పడిపోకుండా చెయ్యి చుట్టూ వేసింది.

ఆ చేతికి అమ్మమ్మ లేచింది. "వచ్చేశామా?"

"లేదు. బ్రిడ్జి."

"ఓహో, మన బ్రిడ్జే." శాలువా సర్దుకుని, కళ్ళు నులుముకుని, ఆవలించింది. "ఎంత తేలిందే లెక్కలమ్మా?"

యాభై ఐదు అని చెప్పాలి. దరఖాస్తుకి కావాల్సింది అదే, లోపల తయారుగా కూడా ఉంది. నోరు తెరిస్తే వచ్చింది వేరే. "పదమూడు."

అమ్మమ్మ ఏం పదమూడు అనలేదు. ఒళ్ళోని పసుపు కాగితం చూసింది, అట్ట మూల మీది సున్నాలు చూసింది, చదవడం అంతగా రాకపోయినా సున్నాలు ఎవరికైనా తెలుస్తాయి. ఎర్ర గుడ్డ మనిషి ఏదో అరుస్తున్నాడు, ఎవరో హారన్ కొడుతున్నారు.

"పదమూడా," అంది చివరికి. "ఇన్నాళ్ళూ పన్నెండనుకున్నానే నేను."

తనకి ఏడుపొచ్చింది, బస్సులో ఏడిస్తే అందరూ చూస్తారని పెదవి కొరుక్కుంది. "నేను ప్రతి ఏడూ ఆ రోజే... చెప్పొచ్చు కదా అమ్మమ్మా, ఒక్కసారి చెప్తే నేను..."

"ఏం చెప్పనే? నువ్వు ముచ్చటపడి బొమ్మ గీసుకొస్తే, ఇది పుట్టినరోజు కాదే, పారెయ్ అననా?" అమ్మమ్మ తన పెదవి మీద బొటనవేలు పెట్టి, కొరకడం మాన్పించింది. "దుప్పట్లు శుభ్రంగా ఉండేవి, అంతే కదా నష్టం."

"ఐదో గడిలో ఏం రాయను? గుమాస్తా పొరపాటు అనే రాయనా?"

"వాడేం చేశాడు పాపం. చెప్పింది రాశాడు." మడిచిన టికెట్టుని ఒక మడత విప్పింది, ఇంకో మడత విప్పింది. "మా నాన్న ఎక్కువ రాయించాడని రాయి. ఉన్నది ఉన్నట్టు. నన్ను ఈ బ్రిడ్జి దాటించిందీ ఆయనే, అదీ రాయి, గడిలో చోటుంటే."

"నాలుగో గడికి తేదీ కావాలి. సంవత్సరం ఒక్కటే అయితే తీసుకోరు."

"అదెవరికి తెలుసే, మా అమ్మకే తెలియదు." అని కిటికీ మీదుగా వంగి రాయిని చూసింది, పిట్ట రెట్టని చూసింది. "దీనిదే వేసెయ్."

వేసింది. 2-11-1968. వేస్తుండగానే వేళ్ళు ఆగాయి. బ్రిడ్జి తేదీలోంచి ఇది తీస్తే ఏడు, సున్నా, సున్నా. ఇదీ అలాంటి లెక్కే. ఆ సంగతి గొణిగింది, ఇవీ సున్నాలే అమ్మమ్మా, ఇదీ నిజం కాదు అని.

"ఉండనీ," అంది అమ్మమ్మ. "అవి వాళ్ళు పెట్టినవి. ఇవి నేను పెట్టుకుంటున్నా. ఎముకలు చూస్తారుగా, నెలలు వాళ్ళకెలాగూ దొరకవు, ఏళ్ళు దొరికితే చాలు."

ఎర్ర గుడ్డ దిగింది, బస్సు బ్రిడ్జి ఎక్కింది, చక్రాల కింద అతుకులు టకటకా అంటున్నాయి, కింద నీళ్ళు, నీళ్ళలో ఎక్కడో యాభై ఏళ్ళ కిందటి ఒక చిన్న పన్ను ఇసుకలో ఇసుకలా. ఐదో గడి నిండిపోయింది, బ్రిడ్జి సంగతి గడి దాటి అంచు మీదికి పోయింది, అయినా రాసింది. ఇవాళ్టి తేదీలోంచి కొత్త తేదీ తీసింది. రోజులు రెండు. నెలలు చాలలేదు, పక్కింటికి వెళ్ళి పన్నెండు తెచ్చుకుంది, నాలుగు. సంవత్సరాలు యాభై ఐదు. గజిబిజి అంకెలు, అందరికీ ఉన్నట్టే. తరవాత భయం భయంగా డైరీ తీసి, బొమ్మ తీసి, రబ్బరు తీసింది. అరవై గుడ్డల తాడు. ఈ పద్నాలుగుకి ఇవ్వదు, నవంబరుకి ఇస్తుంది, అప్పటికైనా ఇన్ని ఉండకూడదు. చివరి గుడ్డ మీద రబ్బరు పెట్టబోతే అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏంటి, చెరిపేస్తున్నావా?"

"ఎక్కువున్నాయి కదా."

అమ్మమ్మ వేలితో చివర నుంచి లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. "చెరపకే. ఇవి నేనింకా మడతపెట్టాల్సినవి."

ఊరొచ్చింది. జనం లేచి నిలబడ్డారు. దరఖాస్తుని అట్టతో సహా రొమ్ముకి ఆనించుకుని, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిచింది తను, లోపల గుమాస్తాతో చెప్పాల్సిన మాట తిరుగుతూనే ఉంది, కిటికీ దగ్గర తడబడకూడదని మళ్ళీ మళ్ళీ, ఆ మాట ఎప్పుడు పెదవుల దాకా వచ్చిందో ఎప్పుడు దాటిందో తెలియలేదు. "యాభై ఐదేళ్ళు, నాలుగు నెలలు, రెండు రోజులు."

మెట్టు మీద నిలబడ్డ కండక్టరు తిరిగి చూశాడు. "ఎవరికమ్మా, అంత కచ్చితంగా?"

"మా అమ్మమ్మకి," అంది తను, బస్సంతటికీ వినపడేలా.